గొర్రెల తొట్టిలో గుప్పెడు పొడి

అది కాదురా చిన్నోడా, బావనని చెప్పాక కూడా నన్ను ముప్పావు గంట గేటు దగ్గర నిలబెట్టడమేమిటి? ఆ గేటువాడివి ఒకటే ప్రశ్నలు. ఏ పేషెంటు కోసం, ఏ వార్డు, నువ్వేమవుతావు. పేషెంటు కోసం కాదు నాయనా, ఇక్కడ దుప్పట్లు ఉతికేవాడి కోసం అన్నాను. దుప్పట్లని చూడ్డానికి టైము అయిపోయిందన్నాడు. వాడి జోకుకి వాడే నవ్వుకున్నాడు. నేనూ నవ్వేవాణ్ణే, మోకాళ్లు అంత లాగకపోతే.

మూడు బస్సులు మారాను తెలుసా. మూడోదాంట్లో పొడుగునా నిలబడే. ఒక కాలేజీ పిల్ల లేచి కూర్చోండి తాతయ్యా అంది. తాతయ్యా అన్నందుకు కూర్చోలేదు. యాభై ఎనిమిదికే తాతయ్య ఏమిటి?

సరే సరే, నువ్వు పని ఆపకు. ఆ అద్దాల గదిలోంచి మీ సూపర్‌వైజరమ్మ చూస్తూనే ఉంది. ఏదీ, ఆ చివర ఇలా ఇవ్వు, నేను పట్టుకుంటాను. అమ్మో, ఇంకా కాలుతోందే ఇది. ఇలాంటివి రోజుకి ఎన్ని మడతపెడతావు? ఊఁ? మూడొందల యాభయ్యా? మనిషన్నవాడు ఇన్ని దుప్పట్ల మీద జబ్బు పడతాడా?

కొంచెం గట్టిగా లాగు. ఆఁ, ఇప్పుడు నా వైపు రా. చూశావా, మనిద్దరం భలే కుదిరాం.

ఇక్కడ గాలాడదేమిట్రా? ఒక్క కిటికీ, అదీ పైకప్పు దగ్గర. ఆ ఉతికే డ్రమ్ముల మోత వింటుంటే మన టీచరమ్మ ఫారంలో మేత కోసే మిషను గుర్తొస్తోంది. అదీ ఇంతే, పక్కవాడి మాట వినపడనిచ్చేది కాదు. అయినా నేను దాని పక్కన నిలబడి మాట్లాడుతూనే ఉండేవాణ్ణి. ఆ మిషనుకే గనక చెవులుంటే ఎప్పుడో పాడైపోయేదని మీ అక్క అంటుంది.

మీ అక్కే పంపింది నన్ను. ఇంకెవరు పంపుతారు? వారం రోజులుగా నన్ను కుదురుగా కూర్చోనివ్వడం లేదు. కంచం ముందు కూర్చుంటే అదే మాట, కంచం తీస్తుంటే అదే మాట. ఆ గుట్ట కింది ఫారం వాళ్ల మేనేజరు మన ఇంటికి రెండుసార్లు వచ్చాడు. నీ దగ్గరికీ వచ్చాడటగా. రెండొందల గొర్రెలు, ఉండడానికి గది, ఎండాకాలానికి పచ్చిక వేరే. నువ్వు అక్కర్లేదన్నావట. ఇక ఈ జన్మలో గొర్రె ముఖం చూడనన్నావట.

ఆయన నన్ను అడిగాడు, ఏమండీ, మీ బావమరిదికి గొర్రెలంటే గిట్టదా అని. నాకేం చెప్పాలో తోచలేదు. గిట్టకపోవడమా? ఈనలేక అవస్థపడే గొర్రె పక్కన తిండి మానేసి రెండు పూటలు కూర్చున్న మనిషికా? గుంపులో ఏది కుంటుతోందో చూడకుండా, అడుగుల చప్పుడుని బట్టి చెప్పే మనిషికా?

ఆదివారం దాకా చూస్తానన్నాడు. ఆ తర్వాత ఇంకొకణ్ణి పెట్టుకుంటాడు. తప్పేముంది, రెండొందల నోళ్లు ఆగుతాయా?

తల అలా అడ్డంగా ఊపకు. ముందు విను.

నేను నీ తరఫున అన్నీ కనుక్కున్నాను. ముందుగా అడిగింది జీతం సంగతి కాదు, మేత సంగతి. ఏం పెడుతున్నారండీ అన్నాను. పచ్చిక మీద వదులుతాం, సాయంత్రం ఎండుగడ్డి, చూడి గొర్రెలకి ఆఖరి నెలన్నర కాస్త దాణా అన్నాడు. మేత తెలిసినవాడేరా. ఆఖరి నెలన్నర అన్నాడంటే తెలిసినవాడే. కడుపులో పిల్ల పెరిగేదంతా అప్పుడేగా. ముందునుంచీ కుక్కితే తల్లి కొవ్వెక్కుతుంది, అసలు పెట్టకపోతే పిల్ల కోసం తల్లి తన ఒళ్లే కరిగించుకుంటుంది.

ఆయనకి ఆవు కడుపు గురించి కూడా చెప్పాను. నీకు తెలుసుగా, నేను ఎవరికి చెప్పకుండా ఉన్నాను? ఆవు కడుపులో ఒక ఊరుందండీ అన్నాను. కంటికి కనపడని జనం, కోట్ల మంది. మనం వేసే మేత ఆవుకి కాదు, ఆ జనానికి. వాళ్లు వండి ఆవుకి పెడతారు. ఒక్కరోజులో మేత మార్చామో, ఊరంతా పని మానేసి కూర్చుంటుంది. అందుకే కొత్త మేత పది రోజుల మీద మెల్లగా కలపాలి అన్నాను. ఆయన నోరు తెరుచుకుని విన్నాడు. ఏం చదివారండీ అన్నాడు. ఎనిమిదో తరగతి, అదీ ఒకసారి తప్పి, అన్నాను. పడీపడీ నవ్వాడు.

ఆ కొత్త పాలవాడు గుర్తున్నాడా, మిషన్లతో పాలు తీయడానికి వచ్చినవాడు? పాలు ఎక్కువిస్తుందని మచ్చల ఆవుకి తవ్వెడు మొక్కజొన్న నూక ఎక్కువ పోశాడు. పొట్ట బూరలా ఉబ్బి ఆవు పడిపోయింది. నేనేగా దాన్ని లేపి నడిపించి, నూనె తాగించి, పక్క డొక్క రుద్దీ రుద్దీ నిలబెట్టింది. ఆ రోజు నుంచే పాలవాళ్లంతా నన్ను దాణా డాక్టరు అనడం మొదలుపెట్టారు. వెక్కిరింపుగా మొదలెట్టారు. తర్వాత తర్వాత నిజంగానే అన్నారు. టీచరమ్మ కూడా ఒకసారి అంది. అడగండి మన దాణా డాక్టరుని అని, బయటివాళ్ల ముందు.

నవ్వకు. ఆ, నవ్వావులే. మూతి పక్కన కదిలింది, చూశాను.

దీన్ని నాలుగు మడతలా, ఎనిమిదా? ఎనిమిదా. సరే.

చూడూ, నేను అసలు సంగతి చెప్పడానికే వచ్చాను. బస్సులో కూర్చుని, కాదు, నిలబడి, మొత్తం వరసగా పేర్చుకున్నాను. ఇక్కడికొచ్చేసరికి ఈ ఆవిరికి అన్నీ కలగాపులగం అయిపోయాయి. ఉండు, మొదటినుంచి వస్తాను.

నిన్ను నేనే కదా టీచరమ్మ ఫారంలో గొర్రెలు కాయడానికి పెట్టించింది. టీచరమ్మకి ఆవులే ప్రాణం. గొర్రెలు వాళ్లాయన ముచ్చటపడి తెచ్చినవి, ఆయన పోయాక ఉంచలేకా అమ్మలేకా ఉంచింది. మంచి మేతంతా ఆవులకి. ఆవులు వదిలిన పుల్లలు గొర్రెలకి. నేను అడిగాను కూడా, అమ్మగారూ, వాటికీ కాస్త తవుడు, వేరుశనగ చెక్కా ఇప్పించండని. అవేమన్నా పాలిస్తాయా అంది.

నీ సంగతీ అలాగే ఉండేది. చలి తగ్గాక చూద్దాం, గొర్రెలు పుంజుకుంటే వాణ్ణి ఉంచుదాం, లేకపోతే లేదు, అంది. నీతో అనలేదు, నాతో అంది. నేను నీకు చెప్పలేదు. చెబితే నువ్వు ఆ గొర్రెల కంటే ముందు చిక్కిపోతావని తెలుసు.

అందుకని ఏం చేశానంటే... చిన్నోడా, చేతిలో పని కాసేపు ఆపుతావా? పోనీ ఆపకు. ఆపకపోతేనే నయం. నా మొహం చూడకుండా విను.

సాయంత్రం గొర్రెల తొట్టి నింపేది నేనే కదా. నువ్వు వాటిని తోలుకొచ్చేసరికి తొట్లో గడ్డి తరుగు, దాని మీద కాసింత తవుడు చల్లి సిద్ధంగా ఉండేది. ఆ తవుడు కూడా నేను ఆవుల పీపాల అడుగున గీకి తెచ్చేదే, టీచరమ్మ చూసీ చూడనట్టు పోయేది. దాంట్లో నేను ఇంకొకటి కలిపేవాణ్ణి. ఆవుల మినరల్ మిక్చరు. ఆ తెల్ల సంచుల్లో వచ్చేది, ముందు ఆవు బొమ్మ ఉంటుంది చూడు, బూడిద రంగు పొడి, అదే. తొట్టికో గుప్పెడు. నెల తిరిగాక గుణం కనపడుతోందని రెండు గుప్పిళ్లు.

నీకెందుకు చెప్పలేదంటే, ఆవుల సరుకు గొర్రెలకి పెడుతున్నామని తెలిస్తే నువ్వు ఒప్పుకునేవాడివి కాదు. పైగా టీచరమ్మ అడిగితే నిజం చెప్పేస్తావు. నీ నోట అబద్ధం రాదు, అదొక జబ్బు నీకు.

ఎంత బాగా పుంజుకున్నాయిరా అవి! ఉన్ని మీద చెయ్యి వేస్తే చెయ్యి జారిపోయేది. టీచరమ్మ తన స్నేహితురాళ్లని తీసుకొచ్చి చూపించింది గుర్తుందా? ఏం పెడుతున్నావయ్యా వీటికి అని నిన్నడిగింది. ఏం లేదమ్మా, చోటు మార్చి మార్చి మేపుతున్నాను, అన్నావు. నేను వెనక గడ్డిమోపు మీద కూర్చుని లోపల లోపల ఎంత మురిసిపోయానో. మంచి పని చాటుగా చేసి, దాని పేరు ఇంకొకడికి వస్తుంటే పక్కన కూర్చుని చూడ్డం ఉంది చూడు, ఆ సుఖం ఎవరికీ చెప్పుకోలేం. నాలుగు నెలలు ఆ సుఖంలోనే ఉన్నాను.

ఆ తర్వాత నువ్వు వాటిని కాలవ అవతలి బీడుకి తోలావు.

నాకు తెలుసు, ఆ రోజు గురించి నీకు చెప్పక్కర్లేదు. నువ్వు ఇప్పటికీ రోజూ మనసులో తోలుతూనే ఉన్నావు కదా ఆ దారిలో. ఎండ. ఆరు మైళ్లు. నడుమ ఆ ముళ్లకంచె పక్కన వాటిని వదిలి పావుగంట కూర్చున్నావు, ఫ్లాస్కులో టీ తాగావు. ఎవరడిగారని చెప్పావురా ఆ పావుగంట సంగతి? ఎవరూ చూడలేదు. ఎవరూ అడగలేదు. మర్నాడు గొర్రెలు తల వేలాడేసి, కళ్లు పసుపెక్కి, ఉచ్చ నల్లగా టీ డికాక్షన్‌లా పోస్తుంటే, నువ్వంతట నువ్వే అందరిముందూ చెప్పావు. నేను పావుగంట కూర్చున్నాను, ఆ కంచె పక్కన ఏం తిన్నాయో నేను చూడలేదు అని.

ఇక అందరికీ కథ దొరికింది. పశువుల డాక్టరు సెలవులో ఉంటే కాంపౌండరు వచ్చాడు. చచ్చినదాన్ని కోసి, కొవ్వంతా పసుపుగా ఉంది, మూత్రపిండాలు నల్లబడ్డాయి, విషమేదో పడింది అన్నాడు. దారిలో ఏదో మొక్క తిన్నాయి అన్నాడు. ఏ మొక్క అంటే అదేదో మొక్క అన్నాడు.

నన్నూ అడిగాడు, దాణాలో ఏమిస్తున్నారని. గడ్డి తరుగు, తవుడు, చిటికెడు ఉప్పు, అని గడగడా చెప్పాను. పొడి మాట చెప్పలేదు. దాచాలని కాదురా. నీ మీద ఒట్టు. టీచరమ్మ పక్కనే ఉంది, అదొకటి. అసలు అది గుర్తే రాలేదు, అదొకటి. అది మందు కదా, బలానికి పెట్టేది కదా. బలం ఇచ్చేదాన్ని ఎవడైనా అనుమానిస్తాడా?

పదకొండు పోయాయి. తొమ్మిది నువ్వుండగా, రెండు నువ్వు వెళ్లాక.

అవి మొక్క తిని చావలేదు.

విన్నావా? మొక్క కాదు. ఎండ కాదు. నీ పావుగంటా కాదు. నా పొడి.

దాంట్లో రాగి ఉంటుందట. ఆవులకి అది కావాలి, ఎక్కువైనా బయటికి పోతుంది. గొర్రెకి అలా కాదట. గొర్రె లివరు దాన్ని వదలదు. రోజూ కాస్త కాస్త దాచుకుంటూనే ఉంటుంది. పైకి ఏమీ తెలియదు, బాగా తింటుంది, బాగా ఉంటుంది. లోపల నిండిపోయాక ఏ చిన్న కష్టం వచ్చినా, దూరం నడిచినా, లారీ ఎక్కినా, ఒక్కసారిగా మొత్తం రక్తంలోకి వదిలేస్తుంది. రక్తం విరిగిపోతుంది. అదే ఆ నల్ల ఉచ్చ. నువ్వు తోలకపోతే ఇంకో నెలకి ఇంకెందుకో చచ్చేవి. నువ్వు ఆ దారి పొడుగునా వాటిని భుజాన మోసుకెళ్లినా చచ్చేవే.

మేత తెలియనివాడు పెట్టి ఉంటే అవి చిక్కి ఉండేవి, బతికుండేవి. మేత తెలిసినవాణ్ణి కాబట్టి చంపాను.

అదీ సంగతి. ఇది చెప్పడానికే వచ్చాను.

మొన్నీమధ్యే తెలిసింది నాకు. దాణా కొట్టు అతను మాటల్లో మాటగా చెప్పాడు. గొర్రెలవాళ్లకి ఈ సంచులు అమ్మను బాబూ అన్నాడు. ఎందుకయ్యా అంటే ఈ రాగి కథంతా చెప్పాడు. సంచి మీద కూడా రాసే ఉందిలే, వెనక, అడుగున కుట్టు దగ్గర, చిన్న అక్షరాల్లో. ఆవులకు, గేదెలకు మాత్రమే, గొర్రెలకు పెట్టరాదు అని. మూడేళ్లుగా ఆ ఖాళీ సంచులు పరుచుకుని వాటి మీద కూర్చునే కదా అందరికీ పేపరు చదివి వినిపించేవాణ్ణి. ఏ దేశంలో ఏ మంత్రి ఏమన్నాడో చదివాను. కింద ఏం రాసుందో చదవలేదు.

నీ చేతులు ఆగిపోయాయేం? ఆ అమ్మ ఇటే చూస్తోంది. మడతపెట్టు, మడతపెట్టు.

తిట్టాలనుంటే తిట్టు. ఇక్కడ ఎవరికీ వినపడదు కూడా. నిన్ను ఎనిమిది నెలలు దుప్పట్ల మధ్య కూర్చోబెట్టింది నేను. మీ అక్క నిన్ను పట్టుకుని ఎన్ని మాటలంది. ఆ పావుగంట కూర్చోకపోతే వాడి కాళ్లు విరిగేవా అని ఎన్నిసార్లు అందో. అంటూ నాకు వడ్డించేది. నేను తినేవాణ్ణి.

మీ అక్కకి ఇంకా చెప్పలేదు. నువ్వూ చెప్పకు. ఇప్పుడే వద్దు. నేను చెబుతాను, సమయం చూసుకుని. ఆమె నన్ను తిట్టినా పడతాను, తిట్టకుండా ఊరుకుంటేనే... సరే, అది తర్వాత.

ఇప్పుడు కావలసింది ఒక్కటే. నువ్వు ఆదివారం లోపల గుట్ట కిందికి వెళ్లు. నీ వల్ల ఒక్క గొర్రె కూడా చావలేదు. ఈ ముక్క నీ చెవిన వేస్తే చాలు, నువ్వు లేచి వెళతావనుకున్నాను. అక్కడ దాణా నువ్వే కలుపుకో. సంచి మీద ఏం రాసుందో నువ్వే చదువుకో. ఎవడైనా బావగాడు వచ్చి బలానికి ఇది పెడతానంటే మెడపట్టి గెంటెయ్యి.

ఏంటీ? గట్టిగా అను, ఆ డ్రమ్ము తిరుగుతోంది.

మిగతావా? మిగతావి బాగున్నాయిరా. ముప్పై అయిదూ ఉన్నాయి. చాలావాటికి పిల్లలు కూడా. టీచరమ్మ అమ్మేద్దామనుకుంది గాని, ఎందుకో ఉంచింది. ఆ వంకర కొమ్ము పొట్టేలు ఇంకా అందరినీ పొడుస్తూనే ఉంది. నువ్వు లేవని తెలిసి మరీ పొడుస్తోంది.

అది కాదా నువ్వడిగేది? మరేమిటి?

ఓహో.

అంటే, నాకు మొన్న తెలిసిందంటే, మొన్నటిదాకా అవి ఆ పొడి తింటూనే ఉన్నాయా అంటావు. తింటూనే ఉంటే, నాలుగు నెలలకే పదకొండు పోతే, ఇంకో ఎనిమిది నెలలకి మిగతావి ఎలా ఉన్నాయంటావు.

నువ్వు అదే అడుగుతావని అనుకోలేదురా. నన్నేదో అంటావనుకున్నాను. నువ్వు గొర్రెల్ని లెక్కేసుకుంటున్నావు.

ఈ దుప్పటి అంచు చిరిగింది చూడు. ఇలాంటివి పక్కన పెడతారా, వాడేస్తారా?

సరే.

మానేశాను కాబట్టి ఉన్నాయి. పొడి ఆపేశాను. ఆపాక కూడా ఆ రెండూ పోయాయి, అప్పటికే లోపల నిండినవి. మిగతావి మెల్లగా తేరుకున్నాయి.

ఎప్పుడు ఆపానంటే... ఆపాల్సినప్పుడే ఆపాను.

అలా చూడకు. చెబుతున్నాను.

గురువారం. తొమ్మిదోది పడిపోయిన గురువారం. భోజనాల వేళ. ఆవుల పొడి అయిపోతే కొత్త సంచి విప్పుతున్నాను. కుట్టు ఊడి రాలేదు. సంచిని ఒళ్లో బోర్లా తిప్పి దారం మొదలు ఎక్కడుందా అని వెతుకుతున్నాను. అప్పుడు కనపడింది. ఒకసారి చదివాను. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివాను. కొట్టు అతనికి అప్పుడే ఫోన్ చేశాను, ఊరికే అడుగుతున్నానంటూ. రాగి కథ అప్పుడే చెప్పాడు. మొన్న కాదు.

ఆ సాయంత్రం గొర్రెల తొట్లో వట్టి గడ్డీ తవుడే వేశాను. నువ్వు పక్కనే ఉన్నావు. చచ్చినవాటిని పాతిపెట్టి వచ్చి, మట్టి చేతులతో నిలబడి, బావా, ఇంకెన్ని పోతాయంటావు అన్నావు. నాకేం తెలుసురా అన్నాను.

పని పోతుందని భయమా అంటే, అది కాదు. టీచరమ్మ నన్ను పంపేది కాదు, ఆవులు నా చేతి మేత తప్ప ముట్టవని ఆమెకి తెలుసు. అరిచేది, వారం మాట్లాడేది కాదు, అంతే. నిన్ను ఉంచేది కూడా. అంత చిన్న సంగతి. పాలవాళ్లు నవ్వుతారనుకున్నాను. అంతే. దాణా డాక్టరు గొర్రెల్ని చంపాడటరోయ్ అని పాల గదిలో ఒకడికొకడు చెప్పుకుంటారు, నేను బకెట్టు పట్టుకుని అటు వెళ్లినప్పుడల్లా ఆపేస్తారు. అది తట్టుకోలేననుకున్నాను. నీ బతుకు అటూ, ఆ నవ్వు ఇటూ పెట్టి చూసుకుంటే, నాకు నవ్వే బరువుగా తోచింది. ఇంతకంటే మంచి కారణం నా దగ్గర లేదు. ఎనిమిది నెలలుగా వెతుకుతున్నాను.

శుక్రవారం పొద్దున నిన్ను వరండాలోకి పిలిచారు. నేనూ వచ్చి స్తంభం పక్కన నిలబడ్డాను. టీచరమ్మ నీతో చెప్పాల్సింది చెప్పి, నా వైపు తిరిగింది. ఇంటి పెద్దవాడివి, ఇతన్ని తెచ్చినవాడివి, నువ్వేమంటావయ్యా అంది. అప్పటికి ఆ మాటలు చదివి ఒక పూట కాదు, ఒక రాత్రంతా గడిచింది నాకు. కళ్లు మూస్తే అక్షరాలు కనపడుతున్నాయి.

"మీరెలా అంటే అలా అమ్మగారూ," అన్నాను.

నువ్వు నన్ను చూశావు. నీ పని పోయిందని నేను కుమిలిపోతున్నాననుకున్నావు పాపం. మెట్లు దిగుతూ నా దగ్గర ఆగి, పోనీలే బావా, నువ్వు బాధపడకు, అని నా భుజం తట్టావు.

నేను తట్టించుకున్నాను.